పిచ్చుక చూపిన బాట

పంట ఇంటికి వచ్చిన దినములలో వరికంకులను కుచ్చుగా అల్లి వసారా దూలమునకు వ్రేలాడదీయుట మన పల్లెలలో పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. ఆ కుచ్చు ఇంటి అలంకారము కొఱకు మాత్రమే కాదు, పిచ్చుకల కొఱకు. గింజలు తిని, ఊక నేలపై రాల్చి, అవి చేయు కిచకిచలతో ఇల్లంతయు కళకళలాడుచుండెడిది. ఆ ఇంటిలోనే ఉండేలు చేతబట్టి ఆ పిచ్చుకల వెంట తిరుగు బాలుడును ఉండెడివాడు. గుఱి తప్పినచో పిచ్చుక బ్రదికెడిది. తప్పనిచో నేల రాలెడిది. కాని రాలిన పిచ్చుకను చేతిలోనికి తీసికొని, ఇది యే జాతి పిచ్చుక, దీని గొంతు మీద ఈ రంగు ఏల ఉన్నది అని యోచించు బాలుడు మాత్రము మిక్కిలి అరుదు.

అట్లు యోచించిన బాలుడొకడు బొంబాయి నగరమున నుండెను. ఆనాడు అతని మనసున పుట్టిన ఆ చిన్న ప్రశ్న అతనిని ఎనుబది యేండ్లకు దాపుగా దేశమంతట త్రిప్పినది. కొండలు ఎక్కించినది, చిత్తడినేలలలో దింపినది, మంత్రుల సన్నిధికి పంపినది. అతడే భారతదేశపు పక్షిశాస్త్రవేత్తలలో అగ్రగణ్యుడైన సలీం అలీ.

సలీం అలీ 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయిలో ఒక ముస్లిము కుటుంబమున జన్మించెను. తోబుట్టువు లందఱిలో అతడే కడపటివాడు. ఏడాది ప్రాయమున తండ్రి గతించెను. మూడేండ్ల ప్రాయమున తల్లియు గతించెను. ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీయు, ఆయన భార్య హమీదా బేగమును చేరదీసిరి. వారికి సంతానము లేదు. తల్లిదండ్రులు లేని కొఱత తెలియకుండ వారు ఆ పిల్లలను ఖేత్‌వాడి యను పేటలోని తమ ఇంట పెంచిరి.

అమీరుద్దీన్ వేటయందు అభిరుచి గలవాడు. ఆ కాలమున వేట పెద్దమనుషుల వినోదముగా నెంచబడుచుండెను. కావున మేనల్లునికి ఆయన ఇచ్చిన కానుక ఒక చిన్న గాలితుపాకి. అది చేతికి వచ్చినది మొదలు బాలునికి పిచ్చుకలే లక్ష్యములు. ఒకప్పుడు గోడ కన్నములో ఒక పెంటిపిచ్చుక గ్రుడ్లపై కూర్చుండియుండగా, దాని మగడు దాపుననున్న మేకుపై వ్రాలి కావలి కాయుచుండెను. బాలుడు పొంచియుండి ఆ మగపిచ్చుకను కొట్టెను. కొంతసేపటికే మఱియొక మగపిచ్చుక వచ్చి అదే మేకుపై కూర్చుండెను. దానిని గూడ కొట్టెను, వేఱొకటి వచ్చెను. ఇట్లు ఏడు దినములలో ఎనిమిది మగపిచ్చుకలు ఒకే మేకుపైనుండి రాలినవి. కావలివాడు మారుచుండెనే కాని మేకు మాత్రము ఖాళీగా నుండలేదు! ఈ వింతను బాలుడు తన పుస్తకములో వ్రాసికొనెను. తన గుఱిని గుఱించి గొప్పగా వ్రాసికొన్న ఆ మాటలలో, తనకు తెలియకుండగనే, పక్షుల నడవడిని గూర్చిన మొదటి పరిశీలన కూడ చేరినది. అది చాల యేండ్ల తరువాత శాస్త్రజ్ఞులు చదువదగిన విషయమై అచ్చుపడెను.

సుమారు పండ్రెండేండ్ల వయసున అతడు కొట్టిన పిచ్చుకలలో ఒకటి మిగిలినవానివలె లేదు. దాని గొంతుపై పసుపు పూసినట్లు ఒక మచ్చ గలదు. ఇట్టి వింతపక్షిని తినవచ్చునో తినరాదో బాలునికి సందేహము కలిగెను. మేనమామకు చూపగా, ఎన్నో వేటలాడిన ఆయనకును అది యేమిటో తెలియలేదు. తెలియనిది తెలియదనుటకు ఆయన సిగ్గుపడలేదు. తాను సభ్యుడుగా నున్న బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు ఒక పరిచయ పత్రము వ్రాసి యిచ్చి, పిచ్చుకతో సహా బాలుని అచ్చటికి పంపెను. ఆ సంఘము 1883లో స్థాపింపబడినది. అప్పటి దాని కార్యదర్శి మిల్లర్డు అను ఆంగ్లేయుడు.

దొరగారి గదిలో ప్రవేశించునపుడు బాలుని గుండె దడదడలాడెను. కాని మిల్లర్డు ఆ చిన్నవానిని ఆదరముతో పిలిచి, పిచ్చుకను పరికించి, అది పసుపు గొంతు పిచ్చుక యని చెప్పెను. అంతటితో పంపివేయక, బీరువాల సొరుగులు ఒక్కొక్కటే తెఱచి, అందు భద్రపఱచిన పక్షుల నమూనాలను వరుసగా చూపెను. పచ్చనివి, నీలివి, ఎఱ్ఱనివి, బొటనవ్రేలంతవి, మూరెడు పొడవుగలవి – అన్నియు మన దేశపు పక్షులే! ఇన్ని పక్షులు తన చుట్టు తిరుగుచుండగా తాను పిచ్చుక నొక్కదానినే చూచితినే యని బాలుడు ఆశ్చర్యపడెను. ఆ సొరుగులతోపాటు అతని కన్నులును తెఱచుకొనెను. మిల్లర్డు అతనికి చదువుటకు పుస్తకము లిచ్చెను. పక్షిచర్మమును చెడకుండ నిలువ చేయు విధమును నేర్పించెను.

ఇంతటి జిజ్ఞాస గలవాడు పాఠశాలలో మొదటివాడై యుండునని తలచెదరు కాబోలు. అట్లు జరుగలేదు. తీవ్రమైన తలనొప్పులు బాధించుటచే అతని చదువు తఱచుగా ఆగిపోవుచుండెను. గాలిమార్పు కొఱకు సింధు దేశమునకు పంపబడెను. 1913లో ఎట్లో మెట్రిక్యులేషను గట్టెక్కెను. కళాశాల చదువు సాగకపోవుటచే, బర్మాలోని తవోయ్ ప్రాంతమున కుటుంబమువారికి గల టంగ్‌స్టను గనుల వ్యాపారమును చూచుకొనుటకు వెళ్ళెను. గనుల చుట్టును దట్టమైన అడవులు. ఆ అడవుల నిండ పక్షులు. ఇక వ్యాపారము ఎట్లు సాగును? 1917లో ఆయన బొంబాయికి మరలి వచ్చెను. వాణిజ్యవిద్య చదువుచునే, సెయింట్ జేవియర్స్ కళాశాలలో జంతుశాస్త్రమును గూడ అభ్యసించెను. 1918లో తెహమీనా అను నామెను వివాహమాడెను. ఆమె ఇంగ్లండులో చదువుకొన్న విదుషి. భర్త దృష్టి ధనముపై గాక చెట్లకొమ్మలపై నున్నదని తెలిసియు నొచ్చుకొనక, ఆయన వెంట అడవులకు బయలుదేఱుటకు సిద్ధపడిన ఇల్లాలు.

విశ్వవిద్యాలయపు పట్టము లేకపోవుటచే భారత జంతు సర్వేక్షణశాఖలో ఆయనకు ఉద్యోగము లభింపలేదు. 1926లో బొంబాయిలోని ప్రదర్శనశాలలో, సందర్శకులకు జంతువులను గూర్చి వివరించి చెప్పు ఉద్యోగము దొరకెను. జీతము నెలకు 350 రూపాయలు. కొలదికాలమునకే ఆయనకు తన జ్ఞానము చాలదని తోచెను. సెలవు తీసికొని 1928లో జర్మనీ దేశమునకు పోయి, బెర్లిను నగరమున ఎర్విన్ స్ట్రెసెమాన్ అను మహాపండితుని కడ పక్షిశాస్త్రము నేర్చెను. చచ్చిన పక్షి చర్మమును కొలుచుటతో శాస్త్రము ముగియదనియు, బ్రదికియున్న పక్షి ఏమి తినును, ఎట్లు గూడు కట్టును, ఎచ్చటికి పోవును అని విచారించుటయే అసలైన విద్య యనియు ఆయన మనస్సున నాటుకొనెను. అప్పటి మన దేశమున ఇది క్రొత్త దృష్టి.

ఇంత నేర్చుకొని 1930లో తిరిగివచ్చునప్పటికి, నిధులు లేవని ఆ ఉద్యోగమునే తీసివేసియుండిరి! ముప్పదినాలుగేండ్ల వయసు, చేతిలో విద్య యున్నది, పని లేదు. నగరములో కాపురము చేయుటకు తగిన రాబడి లేక, దంపతులు బొంబాయికి సముద్రపు టావలి తీరమున నున్న కిహీం అను పల్లెకు కాపురము మార్చిరి. ఇతరులు దీనిని దురదృష్ట మనియుందురు. కాని వానకాలము రాగానే ఆ యింటి దాపుననున్న చెట్లపై గిజిగాండ్లు గూళ్ళు కట్టసాగినవి. సలీం అలీకి పని దొరకెను!

గిజిగాని గూడు మన మందఱము ఎఱిగినదే. ఈతచెట్ల కొనలనుండి బావిపైకి వ్రేలాడు ఆ గూళ్ళను చూచి ముచ్చటపడని వారుండరు. ఆ పక్షి తన గూటిలో మిణుగురు పురుగులను అంటించి దీపము పెట్టుకొనునని గూడ మనవారు కథగా చెప్పుదురు. మగపక్షియు పెంటిపక్షియు ఒక యిల్లు కట్టుకొని సంసారము చేయునని లోకుల తలంపు. సలీం అలీ నెలల తరబడి, గూళ్ళకు ఎదుటనే మఱుగు కల్పించుకొని కూర్చుండి, ఏ పక్షి ఏ గూటికి ఎప్పుడు వచ్చెనో వ్రాసికొనెను. అపుడు తేలిన సంగతి వేఱు. గూడు కట్టు పని మగపక్షిది. సగము కట్టి, రెక్కలాడించుచు అది పెంటిపక్షులను పిలుచును. పెంటిపక్షులు వచ్చి, ఇల్లు అద్దెకు చూచువారివలె లోపలికి దూఱి, పీచులను లాగి చూచి, నచ్చనిచో వెళ్ళిపోవును. నచ్చినచో అందులో నిలుచును. అపుడు మగపక్షి మిగిలిన సగమును పూర్తిచేసి, పెంటిపక్షి గ్రుడ్లు పొదుగుచుండగా, ఆ ప్రక్కనే మఱియొక గూడు ఆరంభించి మఱియొక పెంటిని పిలుచును! ఈ విచిత్రమును ఆయన 1931లో ప్రకటింపగా దేశదేశముల శాస్త్రజ్ఞులు ప్రశంసించిరి. ఉద్యోగము పోయి పల్లె చేరినవాడు ఆ పల్లెలోనే పేరు గడించెను. దానికి కావలసిన పరికరములు ఓపిక, ఒక కాగితము, ఒక పెన్సిలు.

అప్పటికి మన దేశమున ఏ ప్రాంతమున ఏ పక్షులున్నవో సమగ్రముగా తెలిపిన జాబితాలు చాల సంస్థానములకు లేవు. తనకు జీతము వలదనియు, ప్రయాణపు ఖర్చులు భరించినచో చాలుననియు సలీం అలీ సంస్థానములకు తెలియజేసెను. నైజాము ప్రభుత్వము అంగీకరించెను. 1931, 1932 సంవత్సరములలో ఆయన హైదరాబాదు సంస్థానమంతట పక్షుల సర్వేక్షణము జరిపెను. నేటి తెలంగాణమును, మహారాష్ట్రములోని మరాఠ్వాడయు, కర్ణాటకములోని ఈశాన్యపు జిల్లాలును ఆనాడు ఆ సంస్థానములోనివే. మన తెలుగునేలలోని తుమ్మతోపులు, టేకుటడవులు, చెఱువుగట్లు ఆ విధముగా ఆయన పాదముల క్రింద పడినవి. తెహమీనా వెంట నుండెను. గుడారమే ఇల్లు, తెల్లవాఱకముందే ప్రయాణము, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట లాంతరు వెలుగున వ్రాత. ఆ పిమ్మట తిరువాన్కూరు, కొచ్చిన్, ఇందూరు, భోపాలు, గ్వాలియరు సంస్థానములును ఆయన ఇట్లే చూచెను.

ఈ సర్వేక్షణములలో ఆయన పక్షులను కాల్చి నమూనాలు సేకరించిన మాట నిజము. చేతిలో లేని పక్షిని నిశ్చయముగా గుర్తించుటకు ఆ కాలమున వేఱు మార్గము లేదు. ఆయన ఈ సంగతిని ఎన్నడును దాచలేదు. అయితే ముచ్చట కొఱకు చంపుటకును, తెలిసికొనుట కొఱకు ఒక్కదానిని తీసికొనుటకును గల భేద మాయన కెఱుకయే. నాటి నమూనాలే నేడు ఏ పక్షి యెచ్చట తగ్గినదో పోల్చి చూచుటకు ఆధారములు.

1939లో ఒక శస్త్రచికిత్స తరువాత తెహమీనా మరణించెను. అడవిలోను ఇంటిలోను ఇరువది యేండ్లు తోడునీడగా నున్న సహచరి పోయిన దుఃఖము చిన్నది కాదు. ఆయన తన సోదరి యింట చేరి, పనిలోనే ఊఱట వెదకికొనెను. 1941లో ఆయన వ్రాసిన భారతీయ పక్షుల గ్రంథము వెలువడెను. రంగుల బొమ్మలతో, పండితుడు కానివానికిని బోధపడు తేటమాటలతో నున్న ఆ పుస్తకమును చేతబట్టుకొని వేలకొలది జనులు తమ పెరటిలోని పక్షులను పేరు పెట్టి పిలువ నేర్చిరి. ఆ పిమ్మట అమెరికా దేశపు పక్షిశాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి, భారత పాకిస్తాను దేశముల పక్షులను గూర్చి 10 సంపుటముల మహాగ్రంథము వ్రాసెను. అది 1968 నుండి 1974 వఱకు వెలువడెను.

ఇంతటి పండితుడు ఎప్పుడును ముఖము ముడుచుకొని కూర్చుండువాడని యనుకొనరాదు. ఆయనకు మోటారు సైకిళ్ళన్న మహాప్రీతి. 1950లో స్వీడను దేశమున పక్షిశాస్త్రవేత్తల అంతర్జాతీయ మహాసభ జరుగగా, ఆయన తన మోటారు సైకిలును ఓడపై ఐరోపాకు చేర్పించి, దానిమీదనే ఆ దేశముల రోడ్లపై తిరుగుచు సభకు చేరెను. ఇండియానుండి అంతదూరము దానిమీదనే వచ్చెనని కొందఱు భ్రమపడిరి. అప్పటి కాయన వయస్సు ఏబదిమూడు సంవత్సరములు!

ఇక ఆయన జీవితమున ముఖ్యమైన భరత్‌పూరు కథ చెప్పవలెను. ఆగ్రాకు సమీపమున, రాజస్థానపు తూర్పుటంచున, సుమారు 29 చదరపు కిలోమీటర్ల మేర చెఱువులు, తుమ్మలు గల చిత్తడినేల యున్నది. దానిని కేవలదేవ్ ఘనా యందురు. చలికాలమున హిమాలయముల కావలినుండి బాతులు, కొంగలు గుంపులు గుంపులుగా అచ్చటికి వచ్చును. భరత్‌పూరు రాజులు దానిని వేటస్థలముగా నుంచుకొనిరి. వేటల లెక్కలు చెక్కిన శిలాఫలకము నేటికిని అచ్చట గలదు. అందు 1938 నవంబరు 12వ తేదీన రాజప్రతినిధి లిన్‌లిత్‌గో ప్రభువు వేటలో ఒక్క దినముననే 4,273 పక్షులు కూలినట్లున్నది. చిత్రమేమనగా, అది సలీం అలీ నలుబదిరెండవ జన్మదినము.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆ నేలకు వేఱొక రీతి అపాయము వచ్చెను. చెఱువుల నీరు తీసివేసి ఆ భూమిని సేద్యమునకు ఇమ్మని చుట్టుపట్ల గ్రామములవారు కోరిరి. వారి కోరిక అన్యాయమైనది కాదు. దేశమున తిండిగింజలకు కఱవుగా నున్న దినము లవి; పేదరైతుకు నేల కావలెను. బాతుల కొఱకు మనిషి పస్తుండవలెనా యను ప్రశ్నకు సులభముగా బదులు చెప్పజాలము. కాని పొలము ఇంకొకచోట చేసికొనవచ్చును. వేల మైళ్ళు ఎగిరివచ్చు పక్షి దిగుటకు అట్టి తావు మఱియొకటి సృష్టింప వీలుకాదు. సలీం అలీ ఈ విషయమును దేశనాయకుల దృష్టికి తెచ్చి, పట్టు విడువక వాదించెను. ఆ నేల నిలిచెను. 1956లో అది పక్షుల రక్షితస్థలమాయెను. పిమ్మట జాతీయోద్యానమై, 1985లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను.

ఈ కథకు మఱియొక భాగమున్నది. దానిని విడిచినచో సత్యమును సగమే చెప్పినట్లగును. 1982లో ఆ యుద్యానమున పశువులను మేపరాదని నిషేధించిరి. పశువులు పక్షులకు చెఱుపు చేయునని తలచి సలీం అలీయు ఈ నిషేధమును కోరెను. తరతరములుగా అచ్చట గేదెలను మేపుకొనుచున్న గ్రామస్థులు ఎదురుతిరిగిరి. పోలీసులతో జరిగిన ఘర్షణలో కొందఱు ప్రాణములు కోల్పోయిరి. నిషేధము నిలిచెను. కాని ఏమి జరిగెను? గేదెలు లేకపోగా నీటిలో గడ్డి విపరీతముగా పెరిగి, చెఱువులను కప్పివైచెను. ఈదుటకు తెఱపినీరు లేక పక్షులు తగ్గినవి! ఈ నిజమును కనిపెట్టినది ఎవరు? సలీం అలీ పెంచి పెద్దచేసిన బొంబాయి సంఘపు శాస్త్రజ్ఞులే. ఏండ్ల తరబడి లెక్కలు వ్రాసి, గేదె కూడ ఆ చెఱువు కాపరులలో ఒకటి యని వారు తేల్చిరి. గురువు పొరపాటును గురువు నేర్పిన పద్ధతియే సరిదిద్దెను. పెద్దలమాట యగుట చేతనే నమ్మక, కన్నులతో చూచి నిర్ణయించుటయే గదా ఆయన జీవితమంతయు చాటినది! ప్రకృతిని కాపాడదలచినవాడు పక్షిని మాత్రమే కాదు, గేదెను, ఆ గేదె వెంటనున్న మనిషిని గూడ చూడవలెనని భరత్‌పూరు మనకు నేర్పినది.

అవసానకాలమునందును ఆయన విశ్రమింపలేదు. కేరళలోని నిశ్శబ్దలోయలో కుంతీనదిపై ఆనకట్ట కట్టి విద్యుత్తు తీయవలెనని తలపెట్టగా, ఆ దట్టమైన అడవి మునిగిపోవునని అనేకులు ఆందోళన చేసిరి. వృద్ధుడైన సలీం అలీ ఆ లోయను స్వయముగా చూచివచ్చి, ఆ పథకమును మానుకొనుమని ప్రభుత్వమును కోరెను. 1983లో పథకము విరమింపబడెను. మరుసటి యేడు ఆ యడవి జాతీయోద్యానమాయెను.

మన తెలుగునాటి కలివికోడి కథయు ఆ దినములదే. కడప ప్రాంతపు ముండ్లపొదలలో రాత్రివేళ సంచరించు ఈ పిట్ట ఎగురుటకంటె పరుగెత్తుట మిన్నగా నేర్చినది. దీనిని 1848 ప్రాంతమున జెర్డాన్ అను వైద్యుడు శాస్త్రలోకమునకు తెలిపెను. 1900లో అనంతపురము సమీపమున కనబడిన పిమ్మట అది మఱల ఎవ్వరి కంటను పడలేదు. అది నశించిపోయినదని శాస్త్రజ్ఞులు తలచిరి. అయితే పుస్తకములలో నశించిన ఆ పక్షి మన వేటగాండ్ర మాటలలో బ్రదికియే యున్నది! 1986 జనవరిలో బొంబాయి సంఘపు శాస్త్రజ్ఞుడొకడు స్థానికులైన పక్షివేటగాండ్ర సహాయముతో, సిద్ధవటము ప్రాంతపు రెడ్డిపల్లె కడ దానిని కనుగొనెను. అప్పటికి సలీం అలీ వయస్సు ఎనుబదితొమ్మిది. దాని కొఱకు 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. తెలుగుగంగ కాలువ దారిని గూడ ఆ పిట్ట కొఱకు మార్చిరి. పాఠశాల యెఱుగని వేటగాని తెలివియు, పట్టము గల శాస్త్రజ్ఞుని తెలివియు కలిసిననాడే పోయినదనుకొన్న పక్షి దొరకినది.

పట్టము లేదని ఉద్యోగము దొరకని సలీం అలీకి విశ్వవిద్యాలయములు పిలిచి గౌరవ పట్టములిచ్చినవి. వానిలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయమును ఒకటి. అది 1978లో ఆయనను సత్కరించెను. భారత ప్రభుత్వము 1958లో పద్మభూషణ, 1976లో పద్మవిభూషణ బిరుదములతో గౌరవించెను. వన్యప్రాణి సంరక్షణ కొఱకు అంతర్జాతీయ బహుమానము లభింపగా, దానిని ప్రకృతి సంరక్షణ నిధికి మూలధనముగా ఇచ్చివేసెను. 1985లో రాజ్యసభకు నియమితుడాయెను. ఆ యేడే తన ఆత్మకథను ప్రకటించి, దాని పేరులో తన తొలి గురువైన ఆ నేలరాలిన పిచ్చుకనే నిలిపెను. 1987 జూన్ 20వ తేదీన, తొంబదియేండ్లు నిండిన పిమ్మట, బొంబాయిలో కన్నుమూసెను. ఆయన పుట్టినదినము నేడు జాతీయ పక్షివీక్షణ దినముగా జరుపబడుచున్నది.

విద్యార్థులారా! కొన్ని విషయములలో మనము ఆలస్యము చేసితిమి. ఒకప్పుడు భరత్‌పూరునకు వచ్చుచుండిన సైబీరియా కొంగలు 2002వ సంవత్సరము తరువాత అచ్చట కానరాలేదు. కలివికోడి నేటికిని మిక్కిలి అరుదైనదియే. మన పట్టణపు వీథులలో పిచ్చుకలు గూడ మునుపటివలె కనబడుట లేదు. పెంకుటిండ్లతోపాటు వాని గూటికి తావులును, తిరుగటి చుట్టు రాలు నూకలును తగ్గినవి. వీనికై దుఃఖించుటకంటె ముందు చేయదగిన పని యొకటి గలదు. అది పేదవానికిని సాధ్యము. మీ వ్రాతపుస్తకమున ఒక పుట విడిచిపెట్టుడు. మీ యింటి ముంగిట వ్రాలిన పక్షి యేది, ఎప్పుడు వచ్చెను, ఏమి తినెను, ఎన్ని పిల్లలను పెంచెను అని దినమునకు రెండు పంక్తులు వ్రాయుడు. తెలియని పక్షి కనబడినచో తెలియదని ఒప్పుకొని, తెలిసినవారిని అడుగుడు. ఆ తెలిసినవారు మీ ఉపాధ్యాయులు కావచ్చును. గట్టుమీద గొఱ్ఱెలు మేపుకొను తాత కావచ్చును. సలీం అలీ చేసినది అంతియే. అయితే ఆయన ఆ పనిని ఎనుబది యేండ్లు మానలేదు.